అదను చెప్పే అంకెలు

తొలకరి పడింది. దుక్కి సిద్ధంగా ఉంది, పత్తి గింజలు ఇంట్లో ఉన్నాయి. ఈ పదనులోనే విత్తాలా, ఇంకో వాన చూడాలా? విత్తాక పది రోజులు బెట్ట వస్తే మొలక మాడిపోతుంది. మళ్లీ గింజలు కొనాలి, మళ్లీ కూలి ఇవ్వాలి. ఆగితే అదను దాటిపోతుంది. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో మెట్ట రైతుకు ఏటా ఎదురయ్యే చిక్కు ఇది. రేపు వాన ఉందా లేదా అన్న కబురు ఈ చిక్కును విప్పదు. ఈ ఏడు నైరుతి మామూలుగానే ఉంటుందన్న కబురూ విప్పదు. రైతుకు కావలసింది ఆ రెంటికీ మధ్యలోది: మూడో రోజు నుంచి పదో రోజు దాకా ఆకాశం ఎలా ఉండబోతోంది?

మన దేశంలో చాలాకాలం ఆ మధ్య భాగం ఖాళీగానే ఉండేది. 1875లో పుట్టిన భారత వాతావరణ శాఖ ఒకటి రెండు రోజుల ముందస్తు కబురు చెప్పేది. 1886 నుంచి సీజన్ మొత్తానికి రుతుపవన అంచనా కూడా ఇచ్చేది. వారం, పది రోజుల సంగతి చెప్పే సాధనం మాత్రం లేదు. ఆ ఖాళీ పూడ్చడానికి కేంద్ర ప్రభుత్వం 1988లో జాతీయ మధ్యశ్రేణి వాతావరణ అంచనాల కేంద్రాన్ని నెలకొల్పింది. మొదట ఢిల్లీ లోధీ రోడ్డులోని మౌసమ్ భవన్‌లో నడిచిన ఈ కేంద్రం తర్వాత నోయిడా సెక్టార్ 62కి మారింది. ఇప్పుడు కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కింద ఉంది. టీవీలో, పత్రికలో కనిపించే హెచ్చరికలను జారీ చేసేది వాతావరణ శాఖ. వాటి వెనకనున్న లెక్కల్లో పెద్ద భాగం నోయిడాలోనూ, పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ (ఐఐటీఎం)లోనూ తయారవుతుంది.

ఆ లెక్క ఎలా నడుస్తుందో, ఎక్కడ తడబడుతుందో తెలిస్తే ‘వాన పడే అవకాశం ఉంది’ అన్న మాటను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. ఎంతవరకు నమ్మవచ్చో కొలిచి చెప్పడమే ఇలాంటి కేంద్రం చేసే అసలు పని.

బేరమాడి తెచ్చుకున్న యంత్రం

పది రోజుల అంచనాకు ఒక్క దేశం మీది ఆకాశం చాలదు. అట్లాంటిక్ మీది గాలి వారంలో మన దాకా ప్రభావం చూపగలదు కనుక భూగోళం మొత్తాన్ని లెక్కగట్టాలి. 1980లలో అది సూపర్‌కంప్యూటర్‌కు తప్ప సాధ్యం కాని పని. అలాంటి యంత్రాలు అమెరికా దగ్గర ఉండేవి. భారత్ రెండు ప్రాసెసర్ల క్రే ఎక్స్‌ఎంపీ-24 కావాలని అడిగింది. అణ్వస్త్ర పరిశోధనకో, రహస్య సంకేతాలు ఛేదించడానికో వాడతారేమోనని అమెరికా సంకోచించింది. రీగన్, రాజీవ్ గాంధీ ప్రభుత్వాల మధ్య చర్చలు సాగి, చివరకు ఒకే ప్రాసెసర్ ఉన్న ఎక్స్‌ఎంపీ-14 వచ్చింది. వాతావరణ పనికే వాడాలన్న షరతులతో వచ్చింది. ఆ అనుభవంతోనే సొంత సూపర్‌కంప్యూటర్ కట్టాలన్న పట్టుదల పెరిగింది. ఆ పనికి 1988లోనే సీ-డాక్ సంస్థ ఏర్పడింది, 1991లో పరమ్ 8000 తయారైంది.

ఆ క్రే యంత్రం సెకనుకు ఇరవై కోట్లకు పైగా లెక్కలు చేసేది. 2024 సెప్టెంబరులో నోయిడాలో ప్రారంభమైన ‘అరుణిక’ సూపర్‌కంప్యూటర్ సామర్థ్యం 8.24 పెటాఫ్లాప్‌లు, అంటే సెకనుకు 8,240 లక్షల కోట్ల లెక్కలు. అదే రోజు పుణెలో మొదలైన ‘అర్క’ సామర్థ్యం 11.77 పెటాఫ్లాప్‌లు. తొలి క్రే కంటే అరుణిక మూడు కోట్ల రెట్లకు పైగా వేగవంతమైనది. అంచనాల నాణ్యత అన్ని రెట్లు పెరగలేదు, పెరగదు కూడా. ప్రపంచంలోని పెద్ద కేంద్రాల అనుభవం చూస్తే, పదేళ్ల శ్రమకు నమ్మదగిన అంచనా గడువు సుమారు ఒక రోజు ముందుకు జరుగుతోంది. నేటి ఆరో రోజు అంచనా పదేళ్ల కిందటి అయిదో రోజు అంచనా అంత బాగుంటుందన్న మాట. ఇంత బలానికి ఇంత కొద్ది ఫలితమా అనిపిస్తుంది. కారణం ఆ లెక్క స్వభావంలోనే ఉంది.

గాలిని గళ్లుగా కోయడం

గాలి కదలికకు సూత్రాలున్నాయి. న్యూటన్ చలన నియమం, వేడి ఒకచోటి నుంచి ఒకచోటికి పోయే తీరు, గాలీ తేమా ఎక్కడా మాయం కాకూడదన్న నియమం, పీడనం–ఉష్ణోగ్రత–సాంద్రతల సంబంధం. నేటి స్థితి తెలిస్తే ఈ సమీకరణాలతో రేపటి స్థితి లెక్కించవచ్చని నార్వే శాస్త్రవేత్త విల్‌హెల్మ్ బ్యెర్క్‌నెస్ 1904లో ప్రతిపాదించాడు. కాగితం మీద సూటిగా విడిపోయే సమీకరణాలు కావివి. అందుకే గాలిని గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి కొద్ది నిమిషాల చొప్పున ముందుకు లెక్కించుకుంటూ పోవాలి.

ఆ పని మొదట చేతితో చేసినవాడు బ్రిటన్‌కు చెందిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడుపుతూ, దొరికిన తీరికలో 1910 మే 20 నాటి మధ్య ఐరోపా వాతావరణానికి ఆరు గంటల ‘అంచనా’ వేశాడు. ఆరు గంటల్లో పీడనం 145 హెక్టాపాస్కల్‌లు మారుతుందని తేలింది. తుపాను కేంద్రంలో కూడా అంత మార్పు రాదు. నిజానికి ఆ రోజు పీడనం దాదాపు కదల్లేదు. 1922లో వెలువరించిన పుస్తకంలో ఆ తప్పును దాచకుండా అచ్చువేశాడు. ప్రపంచ వాతావరణాన్ని దాని వేగంతో సమానంగా లెక్కించాలంటే 64,000 మంది గణకులు కావాలని కూడా ఊహించాడు. అతని సమీకరణాల్లో దోషం లేదని తర్వాతి పరిశోధకులు తేల్చారు. మొదలుపెట్టిన కొలతల్లో గాలికీ పీడనానికీ పొంతన లేదు. ఆ చిన్న తేడాలను సవరించి అదే లెక్క చేస్తే జవాబు సవ్యంగానే వస్తుంది. కంప్యూటర్ మీద తొలి అంచనా 1950లో అమెరికాలో ఎనియాక్ యంత్రం చేసింది. ఒక రోజు అంచనాకు సుమారు ఒక రోజు పట్టింది.

నోయిడా కేంద్రం తొలి దశలో వాడిన టీ80 నమూనాలో ఒక్కో గడి వెడల్పు సుమారు 150 కిలోమీటర్లు. హైదరాబాద్, వరంగల్ రెండూ ఒకే గడిలో ఇమిడిపోయేంత. ఆ నమూనా దృష్టిలో ఆ రెండు ఊళ్ల వాతావరణం ఒక్కటే. 2012 నుంచి ఈ కేంద్రం బ్రిటన్ వాతావరణ సంస్థ రూపొందించిన యూనిఫైడ్ మోడల్‌ను మన అవసరాలకు మలచుకుని వాడుతోంది. 2018లో ‘మిహిర్’ సూపర్‌కంప్యూటర్ వచ్చాక గడి 12 కిలోమీటర్లకు తగ్గింది.

ఆ లెక్క బరువు ఎంతో చూద్దాం. భూమి ఉపరితలం సుమారు 51 కోట్ల చదరపు కిలోమీటర్లు. 12 కిలోమీటర్ల గడి వైశాల్యం 144 చదరపు కిలోమీటర్లు. అంటే దాదాపు 35 లక్షల గళ్లు. ఒక్కో గడి మీద నేల నుంచి 80 కిలోమీటర్ల ఎత్తు దాకా 70 పొరలు. మొత్తం దాదాపు 25 కోట్ల చోట్ల ఉష్ణోగ్రత, పీడనం, తేమ, గాలి వేగం, దిశ లెక్కించాలి. కొద్ది నిమిషాలకోసారి చొప్పున పది రోజుల దాకా మళ్లీ మళ్లీ లెక్కించాలి. గడి వెడల్పు సగానికి తగ్గిస్తే గళ్లు నాలుగు రెట్లవుతాయి. గడి చిన్నదయ్యేకొద్దీ కాలం అడుగూ చిన్నది కావాలి కనుక పని మొత్తం ఎనిమిది రెట్లవుతుంది. పుణె సంస్థ రూపొందించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 2025 మేలో 6 కిలోమీటర్ల గడితో వాడుకలోకి రావడానికి అర్క అంత పెద్ద యంత్రం ఎందుకు కావలసి వచ్చిందో ఈ ఎనిమిది రెట్లే చెబుతాయి.

మొదలు సరిగ్గా ఉండాలి

రిచర్డ్‌సన్‌ను దెబ్బతీసింది మొదలు. ఈనాటికీ కేంద్రంలో సగం తలనొప్పి అక్కడే. పాతిక కోట్ల చోట్ల ‘ఇప్పుడు’ ఎలా ఉందో ఎవరికి తెలుసు?

తెలుసుకునే ప్రయత్నం ప్రపంచమంతా ఒకేసారి జరుగుతుంది. మన గడియారం ప్రకారం ఉదయం, సాయంత్రం అయిదున్నర వేళకు దేశదేశాల్లో వాతావరణ బెలూన్లు పైకి లేస్తాయి. హైదరాబాద్, విశాఖపట్నం కేంద్రాల నుంచీ ఎగురుతాయి. పాతిక, ముప్పై కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్తూ ఉష్ణోగ్రత, తేమ, గాలి వివరాలు రేడియో ద్వారా పంపుతాయి. విమానాలు ఎగురుతూ కొలుస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో విమానాలు ఆగినప్పుడు ఈ కొలతలు ప్రపంచమంతటా బాగా పడిపోయాయి. సముద్రంలో తేలే బోయాలు, ఓడలు, విశాఖ, మచిలీపట్నం, హైదరాబాద్, శ్రీహరికోటల్లోని డాప్లర్ రాడార్లు తమ వంతు అందిస్తాయి. అన్నింటికంటే ఎక్కువ భాగం ఉపగ్రహాలది. 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇన్శాట్-3డీఎస్ ఆ వరుసలో ఒకటి.

సముద్రం లోపలి వేడి కూడా కావాలి. బంగాళాఖాతంలో తుపానుకు బలం అక్కడి నుంచే వస్తుంది. ఆ లెక్క చూసేది హైదరాబాద్ ప్రగతినగర్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అందరూ పిలిచే పేరు ఇన్‌కాయిస్. ఆర్గో తేలియాడే యంత్రాలు పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతుకు మునిగి, పైకి వస్తూ ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచి ఉపగ్రహానికి చెబుతాయి. అలాంటి కొలతలతో ఇన్‌కాయిస్ తయారుచేసే సముద్ర చిత్రమే పుణెలో వేసే సీజన్ అంచనాకు మొదలు.

ఇన్ని కొలతలు వచ్చినా పాతిక కోట్ల చోట్లకు చాలవు. పైగా ప్రతి కొలతలోనూ కొంత తప్పుంటుంది. ఉపగ్రహం ఉష్ణోగ్రతను నేరుగా కొలవదు, పైకి వచ్చే కిరణాల బలాన్ని కొలుస్తుంది. అందుకే కేంద్రం ఖాళీ పలకతో మొదలుపెట్టదు. ఆరు గంటల కిందట వేసిన అంచనానే ఇప్పటి స్థితికి తొలి ఊహగా తీసుకుంటుంది. తాజా కొలతలతో పోల్చి, దేని తప్పు ఎంత ఉండవచ్చో దాన్ని బట్టి దేనికి ఎంత విలువ ఇవ్వాలో నిర్ణయిస్తుంది. ఇంతవరకు జరిగిన గాలి కదలికకూ, వచ్చిన కొలతలకూ రెండింటికీ పొసిగే ఒక స్థితిని వెతికి పట్టుకుంటుంది. దీన్ని డేటా అసిమిలేషన్ అంటారు. రోజుకు నాలుగుసార్లు జరుగుతుంది. రోజుకు నాలుగుసార్లు నమూనా తను చెప్పినదాన్ని భూమి చెప్పినదానితో సరిచూసుకుని దిద్దుకుంటుందన్న మాట.

వల కన్నుకు అందని మేఘం

వల కన్ను కంటే చిన్న చేప వలలో పడదు. 12 కిలోమీటర్ల గడికి అందనిది ఉరుముల మేఘం. వేసవి సాయంత్రం ఒక మండలంలో కుండపోత కురిసి, పక్క మండలంలో దుమ్ము లేపి పోయే క్యుములోనింబస్ వెడల్పు కొద్ది కిలోమీటర్లే. హైదరాబాద్ నగరపాలక సంస్థ పాత పరిధి 650 చదరపు కిలోమీటర్లు. ఆ నమూనాలో అది నాలుగైదు గళ్లు. కూకట్‌పల్లిలో వాన, ఎల్బీనగర్‌లో ఎండ అన్న మాట ఆ గళ్లతో నిలకడగా చెప్పడం కుదరదు.

గడిలో కనిపించని మేఘాన్ని వదిలేయడానికీ లేదు. నీటి ఆవిరి చినుకుగా మారేటప్పుడు విడుదలయ్యే వేడే మన ప్రాంతపు గాలిని నడుపుతుంది. అందుకని గడిలోని సగటు తేమ, ఉష్ణోగ్రతలను బట్టి లోపల ఎన్ని మేఘాలు లేస్తాయో, ఎంత వేడి వదులుతాయో సూత్రాలతో ఉజ్జాయింపు వేస్తారు. దాన్నే పారామెటరైజేషన్ అంటారు. నమూనాల బలహీనత ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. ఐరోపా, ఉత్తర అమెరికాల్లో వాతావరణాన్ని నడిపేవి వేల కిలోమీటర్ల పెద్ద వ్యవస్థలు. చల్లటి ఉత్తరానికీ వెచ్చటి దక్షిణానికీ తేడాతో, భూభ్రమణ ప్రభావంతో అవి కదులుతాయి. నమూనా వాటిని బాగా పట్టుకుంటుంది. ఉష్ణమండలంలో భూభ్రమణ ప్రభావం బలహీనం, ఉష్ణోగ్రత తేడాలు తక్కువ, పెత్తనమంతా మేఘానిది. అందుకే అక్కడి పద్ధతులను తెచ్చి పెట్టుకుంటే మన వానలకు సరిపోలేదు. మధ్యభారత నేల మీద రుతుపవన వర్షాన్ని తక్కువగా చూపడం చాలా ప్రపంచ నమూనాలకు పాత జబ్బు.

గడిని ఇంకా తగ్గించి ఒక ప్రాంతానికే లెక్క వేయడం ఒక దారి. నోయిడా కేంద్రం భారత ప్రాంతానికి 4 కిలోమీటర్ల నమూనా నడుపుతుంది. ఢిల్లీ పొగమంచు కోసం 330 మీటర్ల గడితో ప్రత్యేక నమూనా ఉంది. మేఘాన్ని ఉజ్జాయింపుగా కాక నేరుగా లెక్కించగల స్థాయి అది. అంత చిన్న గడికి తగ్గట్టు రాడార్ కొలతలు కూడా లోపలికి వెళ్లకపోతే, వివరం పెరుగుతుంది కానీ అది సరైన వివరం అన్న హామీ ఉండదు.

ఇరవై మూడు జవాబులు

1961లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ ఒక చిన్న వాతావరణ నమూనాను మధ్యలో ఆపి మళ్లీ నడిపాడు. కాగితం మీద అచ్చయిన 0.506ను ఎక్కించాడు. కంప్యూటర్ లోపలున్న అసలు అంకె 0.506127. ఆ చిన్న తేడా పెరిగి పెరిగి, కొంతసేపటికి రెండు లెక్కలూ ఒకదానికొకటి సంబంధం లేని వాతావరణాన్ని చూపాయి. ఎంత మంచి యంత్రమున్నా రోజువారీ వాతావరణాన్ని సుమారు రెండు వారాలు దాటి చెప్పలేమన్న హద్దు అక్కడి నుంచే తేలింది. పదేళ్లకు ఒక రోజే లాభం రావడానికి కారణం కూడా ఇదే. తప్పు రోజురోజుకూ రెట్టిస్తూ పోతుంటే, మొదటి తప్పును సగం చేసినా కలిసొచ్చేది ఒకటి రెండు రోజులే.

తప్పును తీసేయలేనప్పుడు దాన్ని కొలవాలి. నోయిడా కేంద్రం ఒకే అంచనా వేసి ఊరుకోదు. మొదటి స్థితిని కొలతల తప్పు పరిధిలోనే కొద్దికొద్దిగా మార్చి 22 లెక్కలు, మార్చకుండా ఒకటి, మొత్తం 23 నడుపుతుంది. అన్నీ 12 కిలోమీటర్ల గడితోనే. వీటిని ఎన్‌సెంబుల్ అంటారు. 23 లెక్కలూ అయిదో రోజున ఒకే మాట చెబితే ఆనాటి గాలి స్థిరంగా ఉన్నట్టు. ఎటు పడితే అటు చెల్లాచెదురైతే ఆ రోజు గురించి ఎవరు ఖాయంగా చెప్పినా నమ్మకూడదన్నట్టు.

ఈ అవకాశపు అంకెకు డబ్బు విలువ ఉంది. ఉదాహరణకు, కోసిన వరి కల్లంలో ఉంది. బరకాలకూ కూలికీ అయిదు వేలవుతుందని, తడిస్తే యాభై వేలు నష్టమని అనుకుందాం. ఖర్చు నష్టంలో పదో వంతు. అంటే వాన అవకాశం నూటికి పది దాటితే చాలు, కప్పడమే లాభసాటి. 23లో మూడు లెక్కలు వాన చూపినా అది నూటికి 13. ఆ రోజు వాన పడకపోయినా కప్పిన రైతు తప్పు చేసినట్టు కాదు. అదే అంకె చూసి వాన వస్తుందిలే అని ఆరుతడి పైరుకు నీళ్లు ఆపడం పొరపాటు. పైరు ఎండితే పోయేది పెద్దది కనుక ఆ నిర్ణయానికి ఎనభై, తొంభై శాతం నమ్మకం కావాలి. ఒకే అంచనా ఇద్దరికి రెండు పనులు చెబుతుంది. ‘వాన ఉంది’, ‘వాన లేదు’ అన్న ఒంటి మాట ఈ ఇద్దరిలో ఎవరో ఒకరిని ముంచుతుంది.

రెండు వారాల హద్దు రోజువారీ వానకే. సగటులకు గడువు ఇంకాస్త ఎక్కువ. భూమధ్యరేఖ వెంబడి మేఘాల గుంపు 30 నుంచి 60 రోజులకోసారి తూర్పుకు సాగుతుందని 1971లో మాడెన్, జూలియన్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అలాంటి నిదానమైన కదలికలు రుతుపవనాల ఉద్ధృతినీ, విరామాన్నీ ప్రభావితం చేస్తాయి. వాటి ఆధారంతో నాలుగు వారాల ధోరణిని వాతావరణ శాఖ ప్రతి గురువారం వెల్లడిస్తుంది. 2023 ఆగస్టు 1901 తర్వాత దేశం చూసిన అన్నింటికంటే పొడి ఆగస్టు. అలాంటి దీర్ఘ విరామం వచ్చేముందు వారం వర్షపాతం సగటుకు తక్కువా, ఎక్కువా అన్నది తెలిసినా రెండో దుక్కి, ఎరువు, కాలువ నీటి వంతుల విషయంలో ఎంతో తేడా పడుతుంది.

తుపాను దారి

మధ్యశ్రేణి లెక్క విలువ తీరానికి ఎక్కువ తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పది వేల మందికి పైగా చనిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ నగరం మీదనే తీరం దాటింది. చెట్లు, కరెంటు స్తంభాలు, విమానాశ్రయం పైకప్పు పోయాయి. మృతుల సంఖ్య మాత్రం పదుల్లోనే ఉంది. ఎక్కడ తీరం దాటుతుందో రోజుల ముందే తెలిసింది, లక్షల మందిని ఖాళీ చేయించే వ్యవధి దొరికింది. ఈ తేడా అంతా నమూనాల గొప్పే అనలేం. ఉపగ్రహాలు, రాడార్లు, తుపాను షెల్టర్లు, రోడ్లు, ఫోన్లు, ఊరూరా తిరిగిన రెవెన్యూ సిబ్బంది, అందరి వాటా ఉంది. అయితే ఎటు కదలాలో తెలియకుండా ఎవరినీ కదిలించలేరు.

దారి చెప్పడంలో వచ్చినంత నేర్పు బలం చెప్పడంలో ఇంకా రాలేదు. తుపాను దారిని నడిపేవి చుట్టూ ఉన్న పెద్ద గాలులు, అవి గళ్లకు అందుతాయి. బలాన్ని తేల్చేది కేంద్రం దగ్గరి కొద్ది కిలోమీటర్ల మేఘాల గోడ, దాని కింది సముద్రపు వేడి. వల కన్ను సమస్య అక్కడ మళ్లీ ఎదురవుతుంది. తీరం దాటడానికి ఒక రోజు ముందు హఠాత్తుగా బలపడే తుపానే ఇప్పటికీ అంచనా వేసేవారికి అన్నింటికంటే భయం పుట్టించేది.

పుణెలో వందేళ్ల లెక్క

పదిహేను రోజుల తర్వాతి వాన చెప్పలేనివాళ్లు 2100 నాటి వేడి ఎలా చెబుతారు? తరచూ వినిపించే ప్రశ్నే. వచ్చే మే 20న రెంటచింతలలో 41 డిగ్రీలుంటుందా, 45 ఉంటుందా అన్నది ఎవరూ చెప్పలేరు. మే నెల జనవరి కంటే వేడిగా ఉంటుందని మాత్రం అందరూ చెప్పగలరు. మొదటిది నేటి గాలి స్థితి మీద ఆధారపడుతుంది, రెండోది సూర్యుడి నుంచి అందే శక్తి మీద. వాతావరణ మార్పు రెండో తరహా లెక్క. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల వంతుల్లో 280 వంతులున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. బయటికి పోవలసిన వేడి అంతమేర ఆగిపోతే సగటు ఎటు కదులుతుందన్నదే ప్రశ్న. ఇలాంటి లెక్కకు బాట వేసిన స్యుకురో మనాబే 2021లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్నాడు.

సమీకరణాలు అవే, గళ్లు పెద్దవి, కాలం శతాబ్దాలు. సముద్రం, మంచు, అడవి, కార్బన్ చక్రం కూడా లోపలికి వస్తాయి. పుణె సంస్థ శాస్త్రవేత్తలు సీజన్ అంచనాకు వాడే నమూనాను తీసుకుని, వందల ఏళ్లు నడిపినా శక్తి లెక్క అటూ ఇటూ జారిపోకుండా సరిచేసి ఐఐటీఎం ఎర్త్ సిస్టమ్ మోడల్ తయారుచేశారు. వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం ఆరో నివేదికకు ఆధారమైన ప్రపంచ నమూనాల పోలికలో భారత్ నుంచి పాల్గొన్న తొలి నమూనా అది. రుతుపవనాల మీద మన సొంత లెక్క ఆ బల్ల మీదికి వెళ్లడం చిన్న విషయం కాదు.

2020లో భూవిజ్ఞాన శాఖ వెలువరించిన నివేదిక ప్రకారం 1901 నుంచి 2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. 1951 నుంచి 2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్ర ఉపరితలం సగటున ఒక డిగ్రీ వేడెక్కింది, జూన్–సెప్టెంబరు వానలు సుమారు 6 శాతం తగ్గాయి. సగటు తగ్గినా కుండపోతలు తగ్గలేదు. మధ్యభారతంలో రోజుకు 15 సెంటీమీటర్లు దాటే వానలు పెరిగాయి. బెట్టా పెరిగి, ముంపూ పెరిగే కాలంలో పాత అనుభవం ఒక్కటే విత్తనానికి అదను చెప్పలేదు.

సమీకరణం లేని అంచనా

ఇటీవల మరో దారి తెరుచుకుంది. గూగుల్ డీప్‌మైండ్ రూపొందించిన గ్రాఫ్‌కాస్ట్ వంటి కృత్రిమ మేధ నమూనాలు సమీకరణాలను పరిష్కరించవు. గత కొన్ని దశాబ్దాల వాతావరణ చరిత్రను చదివి, ఇలాంటి స్థితి తర్వాత ఎలాంటి స్థితి వస్తుందో నేర్చుకుంటాయి. పది రోజుల అంచనా నిమిషాల్లో ఇస్తాయి. ఐరోపా మధ్యశ్రేణి అంచనాల కేంద్రం 2025 ఫిబ్రవరిలో తన కృత్రిమ మేధ నమూనాను పాత నమూనా పక్కనే రోజువారీ వాడుకలో పెట్టింది. అదే ఏడాది మన వ్యవసాయ మంత్రిత్వ శాఖ ఇలాంటి నమూనాల ఆధారంగా 13 రాష్ట్రాల్లో సుమారు 3.8 కోట్ల మంది రైతులకు రుతుపవనాల రాక గురించి ఎస్సెమ్మెస్‌లు పంపింది.

అంతమాత్రాన నోయిడా యంత్రాలకు పని తప్పదు. కృత్రిమ మేధ చదివే ఆ చరిత్రే పాత కొలతలను భౌతిక నమూనాతో కలిపి తయారుచేసినది. నోయిడా కేంద్రం బ్రిటన్ సంస్థతో, వాతావరణ శాఖతో కలిసి 1979 నుంచి భారత ప్రాంతానికి 12 కిలోమీటర్ల గడితో అలాంటి చరిత్రను తయారుచేసింది. ప్రతి ఉదయం లెక్క మొదలుపెట్టే స్థితి కూడా డేటా అసిమిలేషన్ నుంచే రావాలి. చరిత్రలో లేని వేడినీ, లేని తుపానునూ నేర్చుకున్న యంత్రం ఎలా పసిగడుతుందన్నది ఇంకా తేలని ప్రశ్న.

నోయిడా నుంచి చేను దాకా

రైతు కోసమే పుట్టిన కేంద్రం కనుక 1991లోనే వ్యవసాయ సలహా సేవ మొదలుపెట్టింది. దేశాన్ని 127 వ్యవసాయ వాతావరణ మండలాలుగా చూసి, వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు అంచనా పంపితే, వాళ్లు పంటకు తగిన సలహా జోడించేవారు. 2007లో ఆ సేవ వాతావరణ శాఖకు మారింది. రాజేంద్రనగర్, జగిత్యాల, అనకాపల్లి, తిరుపతి వంటి చోట్ల నుంచి మంగళ, శుక్రవారాల్లో సలహాలు వెలువడుతున్నాయి. మేఘదూత్ యాప్‌లోనూ చూసుకోవచ్చు. 2024 అక్టోబరు నుంచి గ్రామపంచాయతీ స్థాయి అంచనా కూడా ఇస్తున్నారు. అదే ఏడాది 199 జిల్లా వ్యవసాయ వాతావరణ యూనిట్లు మూతపడ్డాయి. అంకె ఊరి దాకా వచ్చింది, దాన్ని పంట భాషలో విప్పి చెప్పే మనిషి తగ్గాడు.

అవకాశపు లెక్క దారిలోనే రాలిపోతోంది. నోయిడాలో 23 జవాబులుగా బయలుదేరినది టీవీకి వచ్చేసరికి ‘రేపు భారీ వర్షాలు’ అవుతుంది. వాతావరణ శాఖ బులెటిన్‌లో ప్రతి మాటకూ కొలత ఉంది. ‘భారీ’ అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లకు పైన. ‘అతి భారీ’ 115.6 నుంచి, ‘అత్యంత భారీ’ 204.5 నుంచి. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని. ‘కొన్ని చోట్ల’ అంటే సగం దాకా, ‘అనేక చోట్ల’ అంటే ముప్పాతిక దాకా. జిల్లాలో ఒకటి రెండు చోట్ల వాన అన్న రోజున మన ఊళ్లో పడకపోతే అంచనా తప్పినట్టు కాదు.

ఇక ఎంత నమ్మాలన్నది రోజులను బట్టి ఉంటుంది. మొదటి మూడు రోజుల అంచనా మీద కోత, మందు కొట్టడం, చేపల వేట వంటి పనులు పెట్టుకోవచ్చు. నాలుగు నుంచి ఏడో రోజు దాకా చూడవలసింది ధోరణి: అల్పపీడనం వస్తోందా, బెట్ట సాగుతోందా. పదో రోజు దగ్గర కొత్త అంచనా వచ్చినప్పుడల్లా మళ్లీ చూసుకోవాలి, మాట మారితే అది దిద్దుబాటే. రెండు వారాలు దాటి ఫలానా తేదీన వాన అని చెప్పేది ఏ యాప్ అయినా, ఏ వీడియో అయినా పక్కన పెట్టవచ్చు.

ప్రభుత్వ కేంద్రం నుంచి మనం అడగవలసింది కూడా అదే: ‘వాన ఉందా’ అన్న ఒక్క మాటకు బదులు, నూటికి ఎంత. ఆ అంకె ఇప్పటికే నోయిడాలో ఉంది. తెలుగులో, ఊరి పేరుతో, పంట పేరుతో సలహా పక్కనే దాన్ని అచ్చువేయడానికి కొత్త సూపర్‌కంప్యూటర్ అక్కర్లేదు.